డ్రమ్ములో సీసా

సోమవారం

కోపం వచ్చినప్పుడు అరవకండి, ఒక పుస్తకంలో రాసుకోండి, రక్తపోటు దానంతటదే దిగుతుంది అన్నాడు డాక్టరు. కాగితం మీద అరిస్తే ఎవరికి వినపడుతుంది అన్నాను. అందుకే రాయమంటున్నాను అన్నాడు. తెలివైనవాడే.

ఇవాళ్టి కోపం మా ఆవిడ మీద. శనివారం నుంచి ఇంట్లో మాటల్లేవు. కారణం చూస్తే ఏమీ లేదు. ఆ రోజు సీసాల మాస్టారు వచ్చాడు. డ్రాయింగు టీచరుగా రిటైరయ్యాక పాత పునాదుల్లో, పూడిపోయిన బావుల్లో దొరికిన గాజు సీసాలు పోగేసుకుంటూ తిరుగుతున్నాడు. మా ఆవిడ మెరుగుపెట్టిన మందు సీసా ఒకదాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "నీ చేతిలో ఏదో ఉందమ్మా" అని ఒకటే పొగడ్త. షాపులో మోటార్లు తెచ్చినవాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. నా నోరు ఊరుకోదు కదా. "చేతిలో ఏముంది మాస్టారూ, అంతా మిషనే చేస్తుంది. ఆవిడ పెట్టడం, తీయడం, అంతే" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్విందనే గుర్తు.

నేనన్నదాంట్లో అబద్ధం ఏముంది? మిషను నేను చేసింది. పాత మోటారు నాది, దాని వైండింగు నాది, రెండు రోలర్లు నావి, వాటి మీద పడుకుని తిరిగే ప్లాస్టిక్ డ్రమ్ము నాది. డ్రమ్ములో పోసే రాగి ముక్కలు కూడా నేను విప్పి పారేసిన కాలిపోయిన మోటార్ల తీగే. ఆవిడ వాటిని బియ్యపు గింజంత ముక్కలుగా కత్తిరిస్తుంది, నిజమే. సీసాని మధ్యలో రబ్బరు బిరడాలతో బిగించి, లోపలా బయటా రాగి ముక్కలు నింపి, మెరుగు పొడి వేసి, నీళ్లు పోసి మూత పెడుతుంది, అదీ నిజమే. ఆ తర్వాత రోజుల తరబడి తిరిగేది ఎవరు? మిషను. మట్టిలో ఏళ్లకేళ్లు ఉండి కంట్లో పొర కమ్మినట్టు తెల్లబడిపోయిన గాజుని తేట చేసేది ఎవరు? మిషను.

అలిగితే మిషను ఉన్న వెనక గదిలోనే మంచం వేసుకుని పడుకోవడం ఆవిడ పద్ధతి. ఇవాళ నేను లేచేసరికే తలుపు మూసి ఉంది, మిషను తిరుగుతోంది. ఆ తలుపు మూసి ఉంచమని ఎప్పుడో నేనే చెప్పాను, ఆ రొదలో కస్టమర్లతో మాట్లాడలేక. వంటింట్లో గిన్నెలన్నీ మూతలు పెట్టి ఉన్నాయి. ఇద్దరికి రెండు పూటలకి సరిపోయేంత వండింది. మాట్లాడదు కానీ కడుపు మాడ్చదు, ఆ గుణం మాత్రం ఉంది.

మధ్యాహ్నం చప్పుడులో తేడా కనిపెట్టాను. ఏ మోటారైనా సరే, వెంట్రుకంత తేడా వస్తే నా చెవికి తెలిసిపోతుంది. ఈ ఊళ్లో నాకున్న పేరే అది. డ్రమ్ములో ఏదో వదులుగా జల్లుజల్లుమంటోంది. తలుపు దగ్గరకెళ్లి, "రాగి తక్కువైంది. ఇంకో రెండు గుప్పిళ్లు వెయ్యి" అని చెప్పాను. జవాబు లేదు. సరే, మౌనవ్రతమైతే మౌనవ్రతమే. చెప్పడం నా ధర్మం.

మంగళవారం

ముందు నేను మాట్లాడకూడదనుకున్నాను. మాట్లాడితే తప్పు ఒప్పుకున్నట్టు.

కానీ టీ పెట్టుకుంటూ మనసొప్పక, "నీకూ కావాలా" అని తలుపు దగ్గర అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. రెండు కప్పులు పెట్టాను. రెండూ నేనే తాగాను. గదిలో ఫ్యాను లేకుండా ఎలా కూర్చుందో, చెమటకి జలుబు చేస్తుంది అని కూడా అన్నాను. ఆ గదికి కిటికీ పెట్టిస్తానని చాలాకాలంగా అంటూనే ఉన్నాను. పెట్టిస్తాను.

అన్నం నిన్నటిదే. ఇవాళ వండలేదు. పంతం ముదిరింది.

మంగళవారం, సాయంత్రం

గదిలో లేదు.

మంగళవారం, మళ్లీ

రాసే ఓపిక లేదు. అయినా రాస్తాను, లేకపోతే తల పేలిపోయేట్టుంది.

కరెంటు పరీక్షించే మీటరు ఆ గదిలో ఉందని తలుపు తోశాను. గడియ కూడా వేసి లేదు. స్టూలు బల్ల కిందికి తోసి ఉంది. బల్ల తుడిచి ఉంది. గోడ మేకుకి ఏప్రను, దాని పక్క మేకుకి రబ్బరు బిరడాలు వరసగా వేలాడుతున్నాయి. మంచం మీద దుప్పటి మడత విప్పలేదు. మనిషి లేదు. మిషను మాత్రం తిరుగుతోంది, నన్ను చూసి కూడా ఆగకుండా.

ఏమేవ్ అని పిలిచాను. ఖాళీ గదిలో నిలబడి పిలిచాను. పెరట్లో చూశాను, బాత్‌రూములో చూశాను, ఆఖరికి వంటింటి తలుపు వెనక కూడా చూశాను. దాగుడుమూతలాడే వయసా మాది? చెప్పులు లేవు. సూట్‌కేసు లేదు. కళ్లజోడు లేదు.

ఫోను చేస్తే స్విచాఫ్ అని వస్తోంది.

ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ఎప్పుడు వెళ్లింది? టీ అడిగినప్పుడు ఉందా? ఉండే ఉంటుంది. మీటరు కోసం వెళ్లే ముందు నేను కాసేపు కునుకు తీశాను, అప్పుడే వెళ్లి ఉంటుంది.

బుధవారం

వాళ్లక్కకి, అంటే వదినకి, ఫోను చేశాను. ఎలా అడగాలో ముందే అనుకుని పెట్టుకున్నాను.

"నమస్కారం వదినా. తను క్షేమంగా చేరిందా అని."

"ఎప్పుడో చేరింది లెండి మరిదిగారూ."

ఎప్పుడు చేరింది అని నోటిదాకా వచ్చింది. అడిగితే నాకు తెలియదని ఆవిడకి తెలిసిపోతుంది. మింగేశాను.

"ఒకసారి ఫోనివ్వండి."

"పడుకుంది."

"పగలు పడుకునే అలవాటు లేదే."

"ఇక్కడ పడుకుంటోంది" అంది వదిన. ఆవిడ గొంతు ఎప్పుడూ అంతే, పచ్చిమిరపకాయ కొరికినట్టు.

ఫోను పెట్టేశాక చాలాసేపు ఏమీ తోచలేదు. మోటారు విప్పి మళ్లీ బిగించాను, ఎందుకు విప్పానో తెలియదు. అప్పుడు వెనక గదిలోంచి చప్పుడు వినపడి ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. డ్రమ్ము తిరుగుతోంది కదా. డ్రమ్ము తిరుగుతోందంటే అందులో సీసా ఉన్నట్టే. సీసాని డ్రమ్ములో వదిలేసి ఆవిడ ఏనాడూ పోలేదు. వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేది. అక్క కూతురి పెళ్లికి సీసా బయటికి తీసి, కడిగి, తుడిచి, అప్పుడు చీర కట్టుకుంది. ఆలస్యం చేసిందని పెళ్లివాళ్లు ఒకటే తిట్టిపోశారు.

లోపల ఉన్నది మాస్టారు తెచ్చిన చేప సీసానే అయి ఉండాలి. నీలం గాజు, పొట్ట మీద ఉబ్బెత్తుగా చేప బొమ్మ. ఎక్కువ తిరిగితే బొమ్మ అరిగిపోతుందని అది తేగానే భయపడింది. అంత భయపడ్డ మనిషి వదిలేసి వెళుతుందా? సీసా తీసే రోజుకి వచ్చేస్తుంది. వారం తిరక్కుండానే.

అప్పటిదాకా మిషను ఆపకూడదు. మధ్యలో ఆపితే పొడి అడుక్కి చేరి గాజు మీద గీత పడుతుందని ఆవిడే చెప్పేది.

గురువారం

టైలరు వచ్చాడు. ఎదురు షాపే. ప్యాంటు ఇచ్చి, "అన్నా, అక్క వచ్చేసినట్టుందే. మిషను చప్పుడు వినిపిస్తోంది" అన్నాడు.

"వస్తుంది, ఒకట్రెండు రోజుల్లో" అన్నాను.

"ఓ, రాలేదా ఇంకా. సోమవారం వెళ్లింది కదా మరి. నేనే ఆటో ఎక్కించాను. సూట్‌కేసుకి చక్రం లేదు, పాపం ఈడ్చుకుంటూ వస్తుంటే చూడలేక మోశాను. అన్నని లేపమంటారా అంటే వద్దంది. ఆ చక్రం కాస్త బిగించన్నా, నువ్వు చెయ్యలేని పనా?"

సోమవారం.

వాడు వెళ్లిపోయాక కూడా ప్యాంటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. సోమవారం పొద్దున నేను లేవకముందే వెళ్లిపోయింది. మరి రాగి వెయ్యమని చెప్పింది ఎవరికి? టీ కావాలా అని అడిగింది ఎవరిని? చెమటకి జలుబు చేస్తుందని జాగ్రత్తలు చెప్పింది ఎవరికి? రెండు రోజులు తలుపుతో కాపురం చేశాను. తలుపు జవాబు చెప్పలేదని తలుపు మీద అలిగాను కూడా.

రక్తపోటు పెరుగుతోందో తగ్గుతోందో ఆ డాక్టరుకే తెలియాలి.

శుక్రవారం

డ్రమ్ము తిరుగుతోంది. చప్పుడు బాగానే ఉంది.

శనివారం

పొద్దున్నే సూట్‌కేసు చక్రం గుర్తొచ్చి బిగించుదామనుకున్నాను. సూట్‌కేసు ఇక్కడ లేదని తర్వాత గుర్తొచ్చింది.

పన్నెండింటికి కరెంటు పోయింది. లైన్ల రిపేరు, సాయంత్రందాకా రాదన్నారు. షాపులో ఫ్యాను ఆగితే పట్టించుకోలేదు. వెనక గదిలో చప్పుడు ఆగేసరికి మాత్రం గుండె ఆగినంత పనైంది. పొడి అడుక్కి దిగుతుంది, చేప మీద గీత పడుతుంది, ఆవిడ వచ్చి చూసి ఏమంటుంది? పరిగెత్తాను. స్టూలు లాక్కుని కూర్చుని డ్రమ్ముని చేత్తో తిప్పడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం అంతా తిప్పాను. కస్టమరెవడో వచ్చి పిలిచి పిలిచి పోయాడు. కుడి చెయ్యి పట్టేస్తే ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి పట్టేస్తే కుడి చెయ్యి. ఆ గదిలో గాలాడదు. తలుపు తీసి ఉంచినా ఆడదు. ఇందులో ఏళ్ల తరబడి ఎలా కూర్చుందో నాకు తెలియలేదు. ఎదురు గోడ తప్ప చూడ్డానికి ఏమీ లేదు. గోడ మీద ఏప్రను, బిరడాలు. వాటినే చూస్తూ తిప్పాను.

తిప్పుతుంటే చేతికి ఏదో తేడా తగిలింది. నీళ్లు, రాగి ఒక్క పెట్టున ఈ పక్కనుంచి ఆ పక్కకి దొర్లిపోతున్నాయి. మధ్యలో అడ్డు ఏమీ లేనట్టు. చిన్న సీసా అయి ఉంటుంది. చేప సీసా అంత పెద్దదేమీ కాదు కదా.

చిన్న సీసానే.

ఆదివారం

తీసే రోజు దాటిపోయింది. రాలేదు.

భుజాలు రెండూ పట్టేశాయి. అద్దంలో చూసుకుంటే ఎవరో పెద్దాయన కనపడ్డాడు.

డ్రమ్ము తీయవచ్చు. మరలు నాలుగు విప్పితే చాలు. కానీ తను పెట్టింది తనే తీయాలి. ఇది పట్టింపు కాదు. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాసేస్తున్నాను: నేను సీసా తీసేస్తే ఆవిడ తిరిగి రావడానికి ఇంక కారణం ఉండదు. నన్ను చూడ్డానికి వస్తుందని అనుకునేంత అమాయకుణ్ణి కాను. సీసా కోసమైనా వస్తుంది.

చేప అరిగిపోతే అరిగిపోనీ. మాస్టారి కాళ్లు పట్టుకుంటాను.

సోమవారం

మాస్టారు వచ్చాడు. కాళ్లు పట్టుకునే అవసరం రాలేదు. నిజంగా పట్టుకునే పనైతే బాగుండేది.

"నా చేప సీసా తీసుకెళదామని" అన్నాడు.

"ఇంకా డ్రమ్ములో ఉంది మాస్టారూ. ఆవిడ ఊరెళ్లింది. వచ్చాక తీస్తుంది."

ఆయన నా వంక విచిత్రంగా చూశాడు. "డ్రమ్ములో ఉండటమేమిటి? పని అయిపోయిందని అమ్మాయి నిన్న కాదు, అంతకుముందు ఆదివారమే ఫోను చేసింది. వెనక గది బీరువాలో పై అరలో ఉంటుంది, పాత చీర ముక్కలో చుట్టి పెట్టాను, ఎప్పుడైనా వచ్చి తీసుకోండి అంది."

బీరువా తెరిచాను. పై అరలోనే ఉంది. ఆకుపచ్చ చీర ముక్క, ఒకప్పుడు నేనే కొన్నది. ఆయన విప్పి కిటికీ కోసం చుట్టూ చూశాడు. కిటికీ లేదని షాపులోకి తెచ్చి వెలుతురుకి పట్టాడు. తెల్లటి పొర ఎక్కడా లేదు. గాజు లోపల పుట్టుకతో ఉన్న గాలిబుడగ ఒకటి అలాగే ఉంది. చేప పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు, ఒక్కటి కూడా అరగలేదు. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు ఆపినట్టుంది.

"ఇదే నా ఆఖరి సీసా మాస్టారూ అంది. బాధేసింది. మీకు చెప్పే ఉంటుంది కదా."

"చెప్పింది" అన్నాను.

పక్కన మిగతావాళ్ల సీసాలు కూడా ఉన్నాయి. అన్నీ చుట్టి, అన్నిటికీ పేర్ల చీటీలు కట్టి. ఒక్క పనీ మధ్యలో వదల్లేదు.

"మరి ఆ డ్రమ్ములో తిరుగుతున్నదేమిటి?" అన్నాడు మాస్టారు చెవి అటు పెట్టి.

"వేరే సీసా."

"ఎవరిది?"

"వేరేవాళ్లది."

వెళుతూ వెళుతూ సంచీలోంచి ఇంకో సీసా తీసి నా బల్ల మీద పెట్టాడు. మట్టి పట్టి, పొర కమ్మి, మెడ దగ్గర చిన్న పెంకు లేచిపోయి ఉంది. "అంతా మిషనే చేస్తుందన్నారు కదా. ఇక మీరే చేసిపెట్టండి" అన్నాడు. వెటకారం కాదు. ఆ పెద్దాయనకి వెటకారం చేతకాదు. నా మాట నమ్మాడు, అంతే.

మంగళవారం

మిషను ఆపాను.

ఆపేసరికి ఇల్లంతా ఎవరో లేచి వెళ్లిపోయినట్టు అయింది. చెవుల్లో గుయ్యిమంది. డ్రమ్ముని కిందికి దించి, మరలు విప్పి, మూత తీశాను. నీళ్లున్నాయి. నీళ్లలో చెయ్యి పెట్టాను. రాగి ముక్కలు తగిలాయి. అటూ ఇటూ వెతికాను, అడుగుదాకా వెతికాను. పళ్లెంలోకి వంచేశాను. అప్పుడే కొన్న నగల్లా రాగి ధగధగలాడుతోంది. సీసా లేదు. పగిలిన పెంకు కూడా లేదు. అసలు సీసానే పెట్టలేదు.

తలెత్తితే ఎదురుగా మేకుకి రబ్బరు బిరడాలు. పొడిగా, దుమ్ము పట్టి. బిరడాలు లేకుండా డ్రమ్ములో సీసా నిలబడదని ఈ మిషను చేసిన నాకు తెలియదా? మొదటి రోజు నుంచీ అక్కడే వేలాడుతున్నాయి. రోజూ చూశాను. కరెంటు పోయిన రోజు మధ్యాహ్నమంతా వాటిని చూస్తూ ఖాళీ డ్రమ్ము తిప్పాను.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. నన్ను మోసం చేయడానికే ఇదంతా అనుకున్నాను. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఆవిడ ఇంట్లోనే ఉందనుకుంటాను, తలుపు తీయను, వెతకను. అది ఆవిడకి తెలుసు. ఎంత పకడ్బందీగా చేసింది అని ఒళ్లు మండిపోయింది. ఫోను తీసి చేశాను. ఈసారి మోగింది. ఎత్తింది.

నేను నోరు తెరవకముందే, "చప్పుడు లేదు. ఆపారా?" అంది.

"ఆపాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

నేను తిట్టాలనుకున్నవన్నీ ఎక్కడికో పోయాయి. "ఎందుకిలా చేశావు? ఖాళీ డ్రమ్ము తిప్పి నన్ను వెర్రివాణ్ణి చెయ్యడానికా?" అని మాత్రం అనగలిగాను.

"వెర్రివాళ్లేమిటండీ" అంది. గొంతులో కోపం లేదు. అదే నాకు భయమేసింది. "ఖాళీ డ్రమ్ము చప్పుడు మీకు తెలియకుండా పోతుందా? వెంట్రుకంత తేడా వచ్చినా పట్టేస్తారు కదా. ఒక గంటలో వింటారు, ఏమిటిది అని తలుపు తీస్తారు, నేను లేనని చూస్తారు అనుకున్నాను. బస్టాండులోనే కూర్చున్నాను, ఫోను చేతిలో పట్టుకుని. రెండు బస్సులు వదిలేశాను. మూడోది ఎక్కాక కూడా ఫోను మోగుతుందేమోనని చూశాను. అక్క వాళ్లింటికి వచ్చాకే స్విచాఫ్ చేశాను."

పళ్లెంలో రాగి వంక చూశాను.

"మీరు వినలేదా?" అంది.

అబద్ధం చెప్పి ఉండాల్సింది. షాపులో రద్దీగా ఉంది, వినపడలేదు అంటే సరిపోయేది.

"విన్నాను" అన్నాను. "రాగి తక్కువైందనుకున్నాను. తలుపు దగ్గరకొచ్చి ఇంకో రెండు గుప్పిళ్లు వెయ్యమని చెప్పాను కూడా."

అవతల వదిన ఎవరితోనో మాట్లాడుతున్న అలికిడి వినిపించింది. మా ఆవిడ ఊపిరి కూడా వినిపించింది.

"చెప్పారా? నాకు వినపడలేదండీ" అంది, ఫోను పెట్టేసింది.